పదకొండేళ్ల బిడ్డకు ఏ తరగతి పుస్తకం?

(పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్న, చెప్పాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు హన్మకొండలో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు గతంలో లెక్కల టీచరు. ఇప్పుడు తన కూతురికి ఇంట్లోనే చదువు చెబుతున్నారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీలవాళ్లకు వినిపిస్తోందా? సరే.

హాల్లోకి వస్తుంటేనే మెట్ల దగ్గర కొందరు ఆపారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడమ్, ఏ సిలబస్ తీసుకోమంటారు? స్టేట్ సిలబసా, ఎన్‌సీఈఆర్‌టీయా, కేంబ్రిడ్జా?" ఒకాయన ఫోన్‌లో వెబ్‌సైట్లు తెరిచి పెట్టుకుని ఉన్నారు. నేను పేరు చెబితే అక్కడే ఆర్డర్ పెట్టేసేలా ఉన్నారు. ఆయన్ను నేను అడిగాను, అన్నా, మీ బాబు ఎక్కడున్నాడు అని. "ఆరో తరగతి మేడమ్" అన్నారు. అది బడి రిజిస్టర్‌లో మాట. బాబు ఎక్కడున్నాడు? భిన్నాలు వచ్చా? తెలుగు పేపర్ తడబడకుండా చదువుతాడా? ఇంగ్లీషులో సొంతంగా పది వాక్యాలు రాస్తాడా? ఆయన కాసేపు ఆలోచించి "లెక్కలు బాగానే చేస్తాడనుకుంటా, తెలుగే కష్టం" అన్నారు. ఆ "అనుకుంటా" దగ్గర మన పని మొదలు కావాలి. పుస్తకాలు కొనడం ఆ తర్వాత.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పది, పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఒక తరగతి అంటూ ఉండదు. సబ్జెక్టుకో తరగతి ఉంటుంది. అదే బిడ్డ కథలు చదవడంలో ఎనిమిదో తరగతిలో ఉంటుంది, భిన్నాల్లో నాలుగులో ఉంటుంది, తెలుగు రాయడంలో మూడులో ఉంటుంది. బడిలో నలభై మందికి ఒక్క టీచరు. అక్కడ అందరినీ ఒక అంకె కింద కూర్చోబెట్టక తప్పదు. ఇంట్లో మనకు ఆ అవసరం ఏముంది? ఉన్నది ఒక్క బిడ్డ, మహా అయితే ఇద్దరు. పండక్కి బిడ్డకు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీకి పక్కింటి పిల్ల కొలతలు ఇస్తామా? ఇవ్వం కదా. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆరో తరగతి సెట్ మొత్తం ఒకేసారి తెచ్చి బల్ల మీద పెడతాం.

మరి బిడ్డ ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా? పరీక్ష పెట్టమని అనడం లేదు. పరీక్ష అనగానే పిల్లలు బిగుసుకుపోతారు. పక్కన కూర్చుని మాటల్లో అడగండి.

లెక్కల గురించి కొంచెం ఎక్కువ సేపు చెబుతాను. ఈ వయసులో చాలామంది ఆగిపోయేది అక్కడే. ఇలా అడగండి: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? చాలామంది నాలుగో వంతు అంటారు. నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి. తర్వాత అడగండి: సున్నా పాయింట్ నలభై ఐదు పెద్దదా, సున్నా పాయింట్ ఆరు పెద్దదా? నలభై ఐదు అంటారు. ఒక కాగితం మీద ఎనిమిది ప్లస్ నాలుగు ఈజీక్వల్‌టు ఒక ఖాళీ గడి, దాని పక్కన ప్లస్ ఐదు అని రాయండి. గడిలో పన్నెండు రాస్తారు. రావాల్సింది ఏడు. ఈజీక్వల్‌టు గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని వాళ్లకు అలవాటైపోయింది. రెండు వైపులా సమానం అనే సంగతి పట్టలేదు. అది పట్టకుండా రేపు బీజగణితం ఎలా వస్తుంది? వీళ్లకు మార్కులు రావడం లేదా అంటే, వస్తున్నాయి. తొంభైలు వస్తున్నాయి. పద్ధతి కంఠతా వచ్చు కాబట్టి.

ఇంకోటి చెబుతాను, ఇది తప్పకుండా చేసి చూడండి. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడగండి. కొందరు పైన పైవి, కింద కిందవి కలిపేసి రెండు బై ఐదు అంటారు. అప్పుడు తప్పు అనకండి, దయచేసి. ఎర్ర పెన్ను తీయకండి. ఇంకో ప్రశ్న వేయండి. "రెండు బై ఐదు సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఆలోచిస్తారు. ఐదులో సగం రెండున్నర, కాబట్టి తక్కువ అంటారు. "నువ్వు సగంతో మొదలుపెట్టావు. దానికి ఇంకొంచెం కలిపావు. కలిపాక సగం కన్నా తక్కువ ఎలా అయింది?" అని వదిలేయండి. చెప్పకండి. నీళ్లు తాగి రండి. ఆ మొహంలో ఏదో కదులుతుంది చూడండి, మీరు కొనే ఏ కిట్‌లోనూ అది దొరకదు. అక్కడి నుంచి కాగితం పట్టీలు కత్తిరించి మడిచి, సగాన్ని మూడు ఆరో వంతులుగా, మూడో వంతును రెండు ఆరో వంతులుగా చూపిస్తే, కసాగు ఎందుకు తీస్తామో బిడ్డకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. బిడ్డకు పదకొండేళ్లు. భిన్నాల కోసం నాలుగో తరగతి పుస్తకం తీయాలి. తీస్తే ఏమంటుంది? "నేను చిన్నపిల్లనా?" అంటుంది. అనడం న్యాయమే. ఈ వయసు పిల్లలకు అన్నిటికన్నా ముందు కావలసింది తాము చిన్నపిల్లలం కాదని మీరు ఒప్పుకోవడం. అందుకే నేను అందరికీ చెబుతాను, ఏ పుస్తకం తెచ్చినా ముందు అట్ట వేయండి. బ్రౌన్ పేపర్‌తో, తరగతి అంకె కనపడకుండా. పైన లేబుల్ మీద "భిన్నాలు" అని రాయండి, అంతే. లోపల నాలుగుదీ, ఐదుదీ, ఆరుదీ కావలసిన పేజీలు ప్రింట్ తీసి కలిపి కుట్టుకోండి. ఏ తరగతివి అని బిడ్డ అడిగితే దాచకుండా చెప్పండి. ప్రతి పేజీ మీదా పెద్ద అంకె వేసి గుర్తు చేయకండి, అంతవరకే.

తెలుగుకు ఇలాగే చూడండి. పేపర్‌లో ఒక చిన్న వార్త ఇచ్చి పైకి చదవమనండి. చదివాక పేపర్ మూసి, ఏముందో నానమ్మకు చెప్పమనండి. ఇంగ్లీష్ మీడియంలో పెరిగిన పిల్లలు ఒత్తుల దగ్గర ఆగుతారు. పదకొండేళ్లకు ఒత్తులు తడబడితే వాచకం ముందేసి గద్దించడం వల్ల ఉపయోగం లేదు. కథలే దారి. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చిన్న చిన్న పుస్తకాలు ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక ఉంది. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, పైగా చదివే స్థాయిని బట్టి విడగొట్టి ఉంటాయి. రాసేటప్పుడు బిడ్డ ఇంట్లో మాట్లాడినట్టే రాస్తే రాయనివ్వండి. మన దిక్కు మాట కాగితం మీదికి వస్తే తప్పేం లేదు. రాయడం అలవాటు కావాలి ముందు.

సరే, ఇప్పుడు పుస్తకాలు.

మన ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అంటే స్టేట్ సిలబస్‌వి, వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణ పుస్తకాల్లో ఇప్పుడు ఒక పక్క ఇంగ్లీష్, పక్క పేజీలో అదే తెలుగులో ఉండేవి ఉన్నాయి. ఇది చాలా పెద్ద సాయం. మీలో తెలుగు మీడియం చదివినవాళ్లు ఎందరు? చూడండి, సగం మంది చేతులెత్తారు. "సైన్స్ ఇంగ్లీషులో నేనెలా చెప్పాలి" అనే భయం మీకిక అక్కర్లేదు. మీరు తెలుగు పేజీ చదవండి, బిడ్డ ఇంగ్లీష్ పేజీ చదవనివ్వండి, ఇద్దరూ మాట్లాడుకోండి. కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చే పుస్తకాలు కూడా ఉచితమే. 2024లో మూడు, ఆరు తరగతులకు కొత్తవి వచ్చాయి, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిదికి వచ్చాయి. ఆరో తరగతి కొత్త లెక్కల పుస్తకం గణిత ప్రకాశ్ నాకు చాలా నచ్చింది. సంఖ్యల్లో వరసలు వెతికించడంతో మొదలవుతుంది, పిల్లలు తమంతట తామే కనుక్కునేలా ఉంటుంది. లెక్కలకు అదీ, సోషల్‌కు మన స్టేట్ పుస్తకం తీసుకోవచ్చు. రెండూ కలిపితే ఎవరూ కొట్టరు! అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్‌లో పనికిరాని వస్తువులతో చేసే సైన్స్ బొమ్మలు బోలెడు, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి.

అమెరికా నుంచి వచ్చే బాక్స్ కరికులం గురించి కూడా అడుగుతున్నారు. పుస్తకాలు, వర్క్‌షీట్లు, ఏ రోజు ఏం చెప్పాలో టీచర్ గైడ్, అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. తల్లిదండ్రులకు ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ డబ్బు లెక్కలు డాలర్లు, సెంట్లలో ఉంటాయి. కొలతలు అంగుళాలు, పౌండ్లు. చరిత్ర వాళ్ల చరిత్ర. కొన్నవాళ్లు ఉంటే పారేయమని అనను. లెక్కలు, ఇంగ్లీష్ ఉంచుకోండి. డాలర్లను రూపాయలుగా మార్చే పని బిడ్డకే ఇవ్వండి, అది కూడా లెక్కే. చరిత్ర మాత్రం పక్కన పెట్టండి. ఓరుగల్లు కోట గోడ కనిపించేంత దూరంలో ఉండి బిడ్డకు ముందు ఎవరి చరిత్ర చెబుతాం?

కత్తిరించడం, కలపడం

పుస్తకం ఎంచుకున్నాక దాన్ని మార్చుకోవడం ఎలా అనేది చాలామందికి అర్థం కాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తి చేయాలనుకుంటారు. "పోర్షన్ అయిందా?" అని బంధువులు అడుగుతారు కదా, ఆ టెన్షన్. ఒక ఉదాహరణ చెబుతాను.

ఏడో తరగతి సోషల్‌లో కాకతీయుల పాఠం ఉంది. మామూలుగా ఏం చేస్తాం? బేతరాజు, ప్రోలరాజు, రుద్రదేవుడు అని వరస కంఠతా పట్టిస్తాం. ఇంట్లో ఆ వరసను గోడ మీద ఒక చార్ట్ మీద రాసి వదిలేయండి. దానికి గంట చాలు. మిగతా రోజులు ఒక్క విషయం మీద కూర్చోండి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుపానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. తాను అలా లాక్కోననీ, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాననీ వర్తకులకు అభయం ఇచ్చాడు. ఇది పదకొండేళ్ల బిడ్డకు చెప్పి చూడండి. ఈ వయసుకు న్యాయం, అన్యాయం అంటే చెవులు రిక్కిస్తారు. "అంతకుముందు రాజులు ఎందుకు లాక్కున్నారు? అది దొంగతనం కదా?" అంటారు. "లాక్కుంటే ఆ రోజు లాభం కదా, ఈయన ఎందుకు వద్దన్నాడు?" అంటారు. "ఓరుగల్లుకు సముద్రమే లేదు, ఇక్కడి రాజుకు ఓడలతో ఏం పని?" అంటారు. అప్పుడు మ్యాప్ తీయండి. ఓరుగల్లు నుంచి తీరం దాకా వేలితో గీయమనండి. భూగోళం వచ్చేసింది, పన్నులు వచ్చేశాయి, వర్తకం వచ్చేసింది. ఆ తర్వాత ఒక ఆదివారం కోటకు తీసుకెళ్లండి. తోరణాల కింద నిలబడి బొమ్మ గీయమనండి. ఫోటో తీస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది, గీస్తే హంసలు ఎన్ని ఉన్నాయో కూడా చూస్తారు.

అలాగే రామప్ప. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇవి జనరల్ నాలెడ్జ్ బిట్లుగా పిల్లలకు వచ్చు. గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలతాయని కూడా వచ్చు. మరి ఎందుకు తేలతాయి? సాంద్రత పాఠం పుస్తకంలో పై తరగతిలో వస్తుంది కదా అని ఆగుతారు. ఆగకండి. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ఒక మామూలు ఇటుక అడిగి తెచ్చుకోండి. తూకం వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు స్కేలుతో సెంటీమీటర్లలో కొలిచి హెచ్చించండి. బకెట్‌లో ముంచి కొలవచ్చు కానీ ఇటుక నీళ్లు పీలుస్తుంది, స్కేలే మేలు. బరువును గ్రాముల్లో పెట్టి ఆ ఘనపరిమాణంతో భాగిస్తే ఒకటి కన్నా బాగా ఎక్కువ వస్తుంది. నీటికి ఒకటి. రామప్ప ఇటుకకు ఒకటి కన్నా తక్కువ, అందుకే తేలుతుంది. దశాంశాల గుణకారం, భాగహారం ఎంత జరిగిందో చూశారా? ఇరవై లెక్కల ఎక్సర్‌సైజ్ కొట్టేయండి ఆ వారం. నిస్సంకోచంగా కొట్టేయండి. శాతాలు వచ్చేసరికి ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు ఉన్నాయి, ఆ రోజు పేపర్ చాలు.

ఇప్పుడు తల్లులకు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకు ఒక మాట. తండ్రులు కూడా వినండి, బయటికి వెళ్లకండి. పెద్దమనిషి కావడం గురించి, శరీరంలో వచ్చే మార్పుల గురించి పాఠం ఏడులోనో ఎనిమిదిలోనో వస్తుంది. మన అమ్మాయిల్లో ఎంతమంది పది, పదకొండుకే పెద్దమనిషి అవుతున్నారు? మీ ఇళ్లలోనే చూస్తున్నారు. పాఠం రాకముందే బిడ్డకు ఆ రోజు వచ్చేస్తే, ఏం జరుగుతోందో తెలియక బాత్రూమ్‌లో ఏడ్చుకుంటూ కూర్చుంటే, ఏం సిలబస్ అది? తరగతి అంకె పట్టుకుని ఆగితే జరిగేది ఇదే. ఈ పాఠాన్ని పదేళ్లకే ముందుకు తెచ్చుకోండి. సైన్స్ పాఠంలాగే, బొమ్మతో, గుసగుసలు లేకుండా చెప్పండి. అబ్బాయిలకు కూడా చెప్పండి. అక్కకు, చెల్లెకు ఏమవుతుందో తెలిసిన పిల్లవాడు వెక్కిరించడు. గొంతు మారడం, మొటిమలు, ఊరికే కోపం రావడం, ఇవన్నీ తనకూ వస్తాయని ముందే తెలిస్తే వాడికీ భయం ఉండదు. ఇంట్లో చదువు చెప్పడం వల్ల మనకు దొరికిన పెద్ద సౌలభ్యం ఇదే. ఏ పాఠం ఎప్పుడు కావాలో బిడ్డను చూసి నిర్ణయించుకోగలం.

బిడ్డ మాట ఎంత వరకు?

ఎనిమిదేళ్లకు కూర్చో అంటే కూర్చున్న బిడ్డ పదకొండుకు "ఎందుకు?" అంటుంది. దీన్ని పొగరు అనుకోకండి. ఆ "ఎందుకు"కు జవాబు చెప్పలేని పాఠం ఏదైనా ఉంటే ఆ పాఠం గురించి మనమే మళ్లీ ఆలోచించాలి. నా పద్ధతి చెబుతాను. రెండు పనులు రోజూ ఉంటాయి, వాటి మీద చర్చ లేదు: కొంచెం లెక్కలు, కొంచెం చదవడం, రాయడం. మిగతా వాటిలో ఏ పాఠం ముందు, ఏది తర్వాత, పొద్దున్నా సాయంత్రమా, బిడ్డే నిర్ణయిస్తుంది. నెలకోసారి ఇద్దరం కూర్చుని పాఠాల లిస్ట్ ముందేసుకుంటాం. తను టిక్ పెడుతుంది, కొన్ని కొట్టేస్తుంది. కొట్టేసినవాటిలో నాకు ముఖ్యం అనిపించినవాటి గురించి నేను వాదిస్తాను. కొన్నిసార్లు తనే గెలుస్తుంది. గెలవనివ్వండి! తను ఒప్పుకున్న సిలబస్‌ను తనే మోస్తుంది, మనం నెట్టక్కర్లేదు.

ఎన్ని గంటలు అంటారా? ఈ వయసుకు ఒక్క బిడ్డతో ఎదురెదురుగా కూర్చుంటే రెండున్నర, మూడు గంటలు చాలనేది నా అభిప్రాయం. మిగతా టైమ్‌లో ఆడుకోవాలి, తోటి పిల్లలతో కలవాలి. ఈ కలవడం విషయం తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసులో స్నేహితులు అన్నం అంత అవసరం. గ్రౌండ్‌కు పంపండి, సంగీతమో కరాటేయో ఏదో ఒక చోట వారం వారం అవే మొహాలు కనిపించేలా చూడండి.

ఇక చట్టం, పరీక్షలు. ఇది వినకుండా ఎవరూ వెళ్లొద్దు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. పదో సెక్షన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని ఆ చట్టంలో లేదు. ఇంటి చదువుకు అంటూ విడిగా నియమాలు కూడా ఏమీ లేవు. రేపు బిడ్డ మళ్లీ బడికి వెళ్తానంటే, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకోండి. తనతో చేసిన పని, రాసిన నోట్‌బుక్స్, గీసిన బొమ్మలు తేదీలు వేసి ఒక ఫైల్‌లో పెట్టండి. తిరిగి చేర్చేటప్పుడు అవే మీ తరఫున మాట్లాడతాయి.

సర్టిఫికెట్ల సంగతి. ఎన్‌ఐఓఎస్, అంటే కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్, అందులో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. ఏ, బీ, సీ అని మూడు లెవెల్స్, అవి 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్‌లోనైనా, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోనైనా కనీస వయసు పద్నాలుగు. ఎన్‌ఐఓఎస్ పదిలో ఐదు సబ్జెక్టులు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు కానీ, ఇంజనీరింగ్ వైపు ఆలోచన ఏ మాత్రం ఉన్నా లెక్కలు వదలకండి. మామునూరు నవోదయ మీద ఆశ ఉన్నవాళ్లకు ఇంకోటి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే గుర్తింపు ఉన్న బడిలో ఐదు చదువుతూ ఉండాలి. అలాంటివాళ్లు ఐదు మధ్యలో మాన్పించకండి.

పదకొండు ఎక్కడ, పద్నాలుగు ఎక్కడ? మధ్యలో మూడేళ్లున్నాయి. ఆ మూడేళ్లూ మిమ్మల్ని తప్పనిసరిగా పరీక్ష రాయమనేవాళ్లు లేరు. సబ్జెక్టుకో తరగతి పెట్టుకోవడానికి, వెనకబడిన చోట తీరిగ్గా వెనక్కి వెళ్లి రావడానికి మళ్లీ ఇంత ఖాళీ దొరకదు. పదమూడు నిండేసరికి ఎన్‌ఐఓఎస్ సిలబస్ తెచ్చుకుని, ఏవి వచ్చాయో ఏవి మిగిలాయో పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్పటి నుంచి పరీక్షను దృష్టిలో పెట్టుకుని నడవాలి. అప్పటిదాకా అక్కర్లేదు.

నేను చెప్పాల్సింది అయింది. భిన్నాల పట్టీలు, ఇటుక కొలతల షీట్ బయట బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి. ఇప్పుడు ప్రశ్నలు. ముందు ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మ చాలా సేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండమ్మా.